పొట్లం కాని నవ్వులు

పొద్దున్నే ఆరింటికి గుమ్మంలో పడిన పేపరు రాత్రికల్లా ఏమవుతుంది? జంగారెడ్డిగూడెంలో అయినా, తాడేపల్లిగూడెంలో అయినా దాని తలరాత ఒక్కటే. అలమరా అరలో పరుపవుతుంది, పునుగుల పొట్లమవుతుంది, నెలాఖరుకు తూకానికెళుతుంది. వార్తకు అదేమంత నష్టం కాదు. రేపు ఇంకోటి వస్తుంది. చిక్కంతా కార్టూన్‌కే. దాన్ని చూసి కాఫీ పొలమారేలా నవ్వినవాళ్లే మర్నాడు దాంతో బజ్జీల నూనె అద్దుతారు!

ఆ గతి తప్పించేది పుస్తకమే. లండన్ డైలీ ఎక్స్‌ప్రెస్‌లో 1939లో ఆస్బర్ట్ లాంకాస్టర్ ‘పాకెట్ కార్టూన్’ మొదలెట్టాక ఒక్క కాలమ్ వెడల్పు బొమ్మ పత్రికలకు అలవాటైంది. మనకు ఆర్కే లక్ష్మణ్ సామాన్యుడు 1951 నుంచీ తెలుసు. అమెరికాలో 1970లో మొదలైన ‘డూన్స్‌బరీ’ అనే గళ్ల బొమ్మల వ్యంగ్యానికి 1975లో పులిట్జర్ బహుమతే వచ్చింది. వీళ్ల బొమ్మలన్నీ పేపరు నుంచి అట్ట పుస్తకాల్లోకి నడిచొచ్చాయి. కాబట్టే ఇవాళ్టికీ చేతికందుతున్నాయి.

మరి మన సంగతి? పాత పశ్చిమగోదావరికి ఈ విషయంలో గర్వపడే హక్కుంది. 1933లో నరసాపురంలో పుట్టిన బాపు ఒకరైతే, 1950లో ఏలూరులో పుట్టిన మోహన్ ఇంకొకరు. బాపు గీత ఇంటింటికీ తెలుసు, చెప్పక్కర్లేదు. మోహన్ విశాలాంధ్రలో పత్రికా రచయితగా మొదలై, 1984 డిసెంబరులో ‘ఉదయం’ దినపత్రిక వచ్చాక అందులో కార్టూనిస్టుగా వెలిగారు. (ఆ పత్రిక పెట్టిన దాసరి నారాయణరావుదీ పక్కనున్న పాలకొల్లే.) అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీఆర్. కాషాయ వస్త్రాలు, నాటక ఫక్కీ డైలాగులు... కార్టూనిస్టుకు అంతకన్నా పండగేముంటుంది? తర్వాత హైదరాబాద్‌లో ఆయన చుట్టూ బొమ్మలు నేర్చుకునే కుర్రకారు చేరేవారు. ‘కార్టూన్ కబుర్లు’ అని ఓ పుస్తకం రాశారు. పేరుకు కబుర్లే గానీ, గీత గురించీ గీసేవాళ్ల గురించీ అంత హాయిగా చెప్పిన తెలుగు పుస్తకం వెతికినా దొరకడం కష్టం.

‘ఉదయం’ 1990ల్లో మూతపడింది. మోహన్ 2017 సెప్టెంబరులో వెళ్లిపోయారు. పత్రిక బతికుంటే పాత కట్టలకు ఓ గదైనా ఉంటుంది. మూతపడితే అందులోని బొమ్మలకు దిక్కెవరు? న్యూస్‌ప్రింట్ చవక కాగితం. కొన్నేళ్లకే పచ్చబడుతుంది, మడత దగ్గర పెళుసెక్కి అప్పడంలా విరుగుతుంది.

అలాగని దొరికినవన్నీ పోగేసి అచ్చేస్తే సరిపోదు. 2006లో కొల్లేరులో పొక్లెయినర్లతో చేపల చెరువుల గట్లు తెంచారు. ఆ వారం ఏదో కార్టూన్‌లో ఓ కొంగ గట్టుమీద నిలబడి ‘నా పేరున పట్టా ఉందా సార్?’ అని అడిగిందనుకోండి. ఆ రోజు కైకలూరులో ఎవరికీ విడమరచక్కర్లేదు. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లకు అయిదో కాంటూరంటే ఏమిటో, గట్లు ఎవరు ఎందుకు తెంచారో చెబితేగానీ ఆ కొంగ నవ్వించదు. బొమ్మ కింద తేదీ, రెండు లైన్ల సందర్భం లేని సంకలనం సగం పుస్తకమే.

నవ్వు రాకపోతే పోనీ, రచ్చ కూడా అవుతుంది. శంకర్ 1949లో ఓ కార్టూన్ గీశారు. రాజ్యాంగ రచన నత్తలా సాగుతోందని నత్త మీద అంబేడ్కర్‌ని కూర్చోబెట్టి, వెనక నెహ్రూ చేతికి కొరడా ఇచ్చారు. అది పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలో చేరింది. 2012 మే నెలలో పార్లమెంటు దద్దరిల్లింది. ఆ కొరడా అంబేడ్కర్ మీదికేనని చూసినవాళ్లు మండిపడ్డారు. ఇద్దరి కొరడాలూ నత్త కోసమేనని పుస్తకం పక్షాన ఉన్నవాళ్లన్నారు. పాఠ్యపుస్తక సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. అరవై మూడేళ్ల నాటి బొమ్మ! గీసిన రోజు పాఠకుడు వేరు, పుస్తకంలో చూసినవాడు వేరు. నొచ్చుకున్నవాళ్లను తప్పుపట్టలేం. కొరడా దెబ్బల చరిత్ర ఉన్నవాళ్లకు కొరడా ఉత్త బొమ్మ కాదు.

అదే శంకర్ నెహ్రూ మీద గీసిన కార్టూన్లు 1983లో ‘డోంట్ స్పేర్ మీ శంకర్’ పేరిట పుస్తకంగా వచ్చాయి. నన్నూ వదలొద్దని నెహ్రూ అన్న మాటే పుస్తకానికి పేరైంది. తెలుగులో ఏ నాయకుడి మాటైనా అలా ఓ కార్టూన్ల పుస్తకానికి పేరవుతుందా అన్నది వేరే ముచ్చట.

మీ అటక మీద తాతయ్య దాచిన ‘ఉదయం’ కట్ట ఉంటే తూకానికి వేసేముందు ఓసారి విప్పండి. కార్టూన్‌ను కత్తిరించేటప్పుడు పత్రిక పేరు, తేదీ వెనక పెన్సిల్‌తో రాయండి. మడవకుండా అట్టల మధ్య పెట్టండి. చిరిగిన చోట సెల్లోటేపు మాత్రం వద్దు. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది గానీ దాని గోధుమరంగు మరక బొమ్మ మీదే ఉండిపోతుంది.