తాగుడు మానాలనుకునేవాళ్ళ మీటింగు



సెలవులకి ఇంటికెళ్ళి వచ్చాక మనం పండగ గురించి చెప్పుకుంటాం, సినిమా గురించి చెప్పుకుంటాం. ఇంట్లో తాగుడు గొడవ గురించి మాత్రం ఎవరం నోరు విప్పం. మన ఊళ్ళల్లో జీలుగు కల్లు, ఇప్పసారా పండగకీ పెళ్ళికీ ఉండేవే. కానీ పొద్దున్నే చుక్క పడకపోతే చేతులు వణికే మనిషి సంగతి వేరు. మా నాన్న అలాంటి మనిషి. ఏజెన్సీ నుంచి విశాఖపట్నం వచ్చి లారీలకి బస్తాలెత్తే కూలిపని చేస్తున్నాడు. ఆయన్ని అడిగే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయొద్దన్నాడు.

అంతదాకా ముదిరిన తాగుడు ఒక జబ్బు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గుర్తించింది. తిడితే పోదు. మా అమ్మ మోదకొండమ్మ గుడి దగ్గర ఒట్టు వేయించింది. మూడు వారాలు నిలబడింది, అంతే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద పోరాడారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ మద్యనిషేధాన్ని ఎత్తేశారు. దుకాణం మూసినా తెరిచినా, ఈ పూట తాగకుండా గడపడం ఎలాగో తాగే మనిషి నేర్చుకోవాలి. అది నేర్చుకునే చోటే ఈ మీటింగు. దీన్ని ఆల్కహాలిక్స్ అనానిమస్ అంటారు, పొట్టిగా ఏ.ఏ. అంటే పేరు బయటపెట్టని మద్యబానిసల సంఘం అన్నమాట.

ఇది 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో పుట్టింది. బిల్ విల్సన్ అనే ఆయన తాగుడు మానిన కొన్ని నెలలకి పనిమీద ఆ ఊరొచ్చాడు. పని చెడిపోయింది, తాగాలనిపించింది. బారుకి పోకుండా, తనలాంటి మరో తాగుబోతు కోసం ఫోన్లు చేసి వెతికాడు. బాబ్ స్మిత్ అనే డాక్టరు దొరికాడు. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. కిటుకు అదే: తాగుడు బాధ తెలిసినవాడు ఇంకొకడికి చెప్పుకుంటే ఇద్దరూ నిలబడతారు. మన దేశానికి ఇది 1957లో బొంబాయిలో వచ్చింది.

మరి మీటింగు ఎలా కనుక్కోవాలి? మాకు ఆసుపత్రిలో ఒక నర్సమ్మ చెప్పింది. మా నాన్న ఉన్నట్టుండి తాగుడు ఆపేస్తే రెండోరోజు ఫిట్సు వచ్చి అక్కడ చేర్చాం. ఇది అందరూ గుర్తుంచుకోవాలి: బాగా అలవాటైనవాళ్ళు డాక్టరు లేకుండా ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ముందు ఆసుపత్రి, ఆ తర్వాత మీటింగు. విశాఖలో కె.జి.హెచ్. ఉంది, వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 14446కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు, వైద్యం ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. ఏ.ఏ. మీటింగు ఎక్కడ, ఏ రోజు అని కూడా అడగండి. రెండు రకాలుంటాయి. క్లోజ్డ్ మీటింగుకి తాగుడు మానాలనుకునేవాళ్ళే వెళ్ళాలి. ఓపెన్ మీటింగుకి ఇంట్లోవాళ్ళు కూడా వెళ్ళొచ్చు.

అమ్మా నేనూ ఓపెన్ మీటింగుకి వెళ్ళాం. అద్దె గదిలో కుర్చీలు, టీ. ఫీజు లేదు, మతం అడగరు, రిజిస్టరులో సంతకం లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పి, నేను తాగుడుకి బానిసని అని మొదలుపెడతారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు. చివర్లో డబ్బా తిప్పుతారు, ఉన్నవాళ్ళు టీకీ అద్దెకీ వేస్తారు. అక్కడ విన్నవి అక్కడే వదలాలి కాబట్టి ఎవరి కథా రాయను, ఏ వీధో కూడా రాయను. ఏడుస్తారనుకున్నాను గానీ చాలాసార్లు నవ్వారు.

మా నాన్న చెప్పులు విప్పకుండా గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడమనలేదు. వెళ్ళేటప్పుడు ఒకాయన చీటీ మీద నంబరు రాసి జేబులో పెట్టి, తాగాక కాదు, తాగేముందు చెయ్యి అన్నాడు. జన్మంతా మానేస్తానని వాళ్ళు ఒట్టు పెట్టించరు. ఈ ఒక్కరోజు తాగను, అంతే. రేపటి సంగతి రేపు.

రెండు నెలల తర్వాత నాన్న మళ్ళీ తాగాడు. సిగ్గుపడుతూనే వెళ్ళాడు. ఎవరూ తిట్టలేదు, మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టించారు. నిన్న ఫోన్లో నలభై ఒకటి అన్నాడు. రేపు ఎంతంటాడో నాకు తెలీదు.

ఇంట్లోవాళ్ళ కోసం అల్-అనాన్ అని 1951లో, పిల్లల కోసం అలటీన్ అని 1957లో అమెరికాలోనే వేరే సంఘాలు పుట్టాయి. అక్కడ ముందు నేర్పేది ఇదీ: వాళ్ళు తాగడానికి మనం కారణం కాదు. మనం ఆపలేం, నయం చెయ్యలేం. మన బాధ ఒకరికి చెప్పుకోగలం. ఇంట్లో కొడుతుంటే 1098కి ఫోన్ చెయ్యొచ్చు.

వార్డెన్ గారికి మనవి: ఈ రెండు నంబర్లూ హాస్టల్ ఫోను పక్కన గోడ మీద రాయించగలరు.

ఈ చేతిరాత ఎవరిదో మీకు ఎలాగూ తెలిసిపోతుంది. ఫర్వాలేదు, వచ్చి అడగండి. విన్నది విన్నచోటే ఉంచుతాను.

– 9వ తరగతి విద్యార్థి