తల భద్రం, మరి మెడ?

2001 ఫిబ్రవరి 18. ఫ్లోరిడాలోని డేటోనా ట్రాక్ మీద చివరి ల్యాపు, చివరి మలుపు. మూడో స్థానంలో వస్తున్న రేసర్ డేల్ ఎర్న్‌హార్డ్ కారు అదుపుతప్పి గోడకు కొట్టుకుంది. టీవీలో చూసినవాళ్లకు అదేమంత ఘోరంగా అనిపించలేదు. మంటలు లేవు, పల్టీలు లేవు. అంతకన్నా భయంకరమైన ప్రమాదాల్లోంచి అతను దులుపుకుని లేచొచ్చిన మనిషి. ఈసారి లేవలేదు. మెడ మీద తల కూర్చునే చోట పుర్రె అడుగుభాగం విరిగిపోయింది.

హెల్మెట్ ఉంది, బెల్టులు ఉన్నాయి. అయినా ఎందుకు పోయాడు? కారు గోడకు తగిలి ఆగినప్పుడు బెల్టులు మొండేన్ని సీటుకు అదిమి పట్టుకుంటాయి. తలను పట్టుకునేది మాత్రం ఏదీ లేదు. సుమారు 5 కిలోల తల, దాని మీద హెల్మెట్ బరువు, రెండూ వచ్చిన వేగంతోనే ముందుకు దూసుకుపోతాయి. వాటిని ఆపాల్సిన భారమంతా మెడ మీదే పడుతుంది. ఆ లాగుడు ఓ హద్దు దాటితే పుర్రె అడుగున పగులుతుంది. ఆ రేసులు నడిపే సంస్థ నాస్కార్ జరిపిన విచారణలో ఒక బెల్టు తెగిన సంగతి, మరో కారు తగిలిన సంగతి కూడా బయటికొచ్చాయి కాబట్టి నేరమంతా ఒక్కదాని మీదే మోపలేం. కానీ అంతకుముందు ఏడాదే ఆడమ్ పెటీ, కెన్నీ ఇర్విన్, టోనీ రోపర్ అనే ముగ్గురు నాస్కార్ డ్రైవర్లు తల, మెడ గాయాలతోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

కోపం తెప్పించే విషయం ఏమిటంటే, దీనికి విరుగుడు అప్పటికే తయారై ఏళ్లు గడిచాయి. రేసర్ జిమ్ డౌనింగ్, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ హబర్డ్ వరసకు బావా బావమరుదులు. 1981లో డౌనింగ్ స్నేహితుడొకడు ఒహాయోలో ఇదే గాయంతో చనిపోయాక ఇద్దరూ కలిసి ‘హాన్స్’ అనే పరికరం మీద పనిచేశారు. మెడ వెనక నిలబడి, రెండు భుజాల మీదుగా ఛాతీ మీదికి దిగే గట్టి పట్టీ అది. భుజాల బెల్టులు దాని మీదుగా బిగుసుకుంటాయి. పట్టీ నుంచి రెండు పొట్టి నాడాలు హెల్మెట్‌కు అటూ ఇటూ తగిలిస్తారు. ఇక తల ముందుకు దూకబోతే ఆ బరువు మెడ మీద పడకుండా నాడాల గుండా బెల్టులకు, భుజాలకు పోతుంది. ఇంతే యంత్రాంగం. చాలామంది డ్రైవర్లకు మాత్రం అది నచ్చలేదు. ఇరుకుగా ఉందన్నారు, అటూ ఇటూ చూడనివ్వదన్నారు. ఎర్న్‌హార్డ్ అయితే దాన్ని ఉరితాడు అన్నాడని చెప్పుకుంటారు. అతని మరణం తర్వాత, 2001 అక్టోబరులో, నాస్కార్ ఇలాంటి రక్షణను తప్పనిసరి చేసింది. మెత్తగా దెబ్బ తీసుకునే గోడలు, మారిన కార్లు కూడా తోడయ్యాయి. ఆ తర్వాత నాస్కార్ అగ్రశ్రేణి కప్ రేసుల్లో ఒక్క డ్రైవరూ చనిపోలేదు.

కార్లలో బెల్టు చేసిన పని అమెరికన్ ఫుట్‌బాల్‌లో హెల్మెట్ చేసింది. 1960ల్లో, 70ల్లో హెల్మెట్లు గట్టిపడే కొద్దీ పుర్రె లోపలి గాయాలు తగ్గాయి, మెడలు విరగడం పెరిగింది. హెల్మెట్ వెనక అంచు మెడకు గుచ్చుకోవడం వల్లే ఇలా జరుగుతోందని కొందరు డాక్టర్లు అనుకున్నారు. ఫిలడెల్ఫియాలో ఎముకల డాక్టరు జోసెఫ్ టోర్గ్ దేశమంతటి నుంచీ కేసులు పోగేసి, ఆటల ఫిల్ములు తిప్పి తిప్పి చూశాడు. వాటిలో కనిపించింది వేరు. తలకు ఇంక దెబ్బ తగలదన్న ధీమాతో ఆటగాళ్లు తల వంచి, నడినెత్తితో ఎదుటివాణ్ణి గుద్దుతున్నారు. కొందరు కోచ్‌లు అలాగే నేర్పుతున్నారు కూడా.

మామూలుగా మెడ కొంచెం వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు వల్ల దెబ్బ కండరాలకూ డిస్కులకూ పంచుకుపోతుంది. తలను 30 డిగ్రీలు ముందుకు వంచితే ఆ వంపు పోయి, ఏడు పూసలూ ఒకే గీతలోకి వస్తాయి. అప్పుడు నడినెత్తి ఎదుటివాడికి తగిలి తల ఆగిపోతుంది, వెనకనుంచి మొండెం మాత్రం ఆగదు. రెంటి మధ్యా నిటారుగా నిలబెట్టిన కర్రకు పట్టిన గతే మెడకూ పడుతుంది. పూసలు నలిగి పక్కకు జారితే లోపల ఉన్న వెన్నుపాము చితుకుతుంది.

ఈ వివరాలు చూశాక 1976లో కాలేజీలు, హైస్కూళ్లు నడినెత్తితో గుద్దడాన్ని నిషేధించాయి. టోర్గ్ లెక్కల్లో ఆ ఏడాది కాళ్లూ చేతులూ శాశ్వతంగా పడిపోయినవారు 34 మంది. 1984లో ఐదుగురు. కొత్త పరికరమేదీ రాలేదు, నియమం రాశారు, కోచింగ్ మార్చారు, అంతే. క్రీడావైద్యంలో ఇంత చవకగా ఇంత మేలు చేసిన పని ఇంకొకటి నాకైతే తోచదు.

అలాగని గండం పూర్తిగా పోలేదు. న్యూజెర్సీలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్‌కు కూతవేటు దూరంలో రట్గర్స్ యూనివర్సిటీ ఉంది. 2010 అక్టోబరులో ఆ జట్టు కుర్రాడు ఎరిక్ లెగ్రాండ్ ఆర్మీ జట్టు మీద ఆడుతూ, తల వంచి గుద్ది అక్కడే కుప్పకూలాడు. మెడలో మూడో, నాలుగో పూసలు దెబ్బతిన్నాయి. ఊపిరి ఆడించే డయాఫ్రమ్‌కు నరం బయల్దేరేది ఆ చుట్టుపక్కలే. అందుకే అతన్ని వెంటిలేటర్ మీద పెట్టాల్సివచ్చింది. కొన్ని వారాలకు తనంతట తానే ఊపిరి తీసుకోగలిగినా చక్రాల కుర్చీ తప్పలేదు. క్రికెట్టూ దీనికి మినహాయింపేం కాదు. 2014లో సిడ్నీలో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిలిప్ హ్యూజ్‌కు బంతి తగిలింది హెల్మెట్ కింద, మెడ మీద. ఆ దెబ్బకే అతను పోయాడు. డాలస్, న్యూజెర్సీ లీగుల్లో లెదర్ బంతితో ఆడే మనవాళ్లలో మెడకు గార్డు తగిలించుకునేవాళ్లు ఎంతమంది?

ఇవన్నీ అరుదైన ఘోరాలు. రోజువారీగా ఆటల్లో కనిపించేది విప్‌లాష్. ఐస్ హాకీలో వెనకనుంచి తోపు, చీర్‌లీడింగ్‌లో పైనుంచి పడటం, సాకర్‌లో ఢీ. యేల్ యూనివర్సిటీలో మనోహర్ పంజాబీ బృందం ఇందులో ఏం జరుగుతుందో 1997లో చూపించింది. వెనకనుంచి దెబ్బ తగిలినప్పుడు మొండెం ముందుకు పోతుంది, తల కాసేపు ఉన్నచోటే ఉండిపోతుంది. దాంతో మెడ కింది భాగం అతిగా వెనక్కి, పైభాగం ముందుకు వంగి మెలిక తిరుగుతుంది. ఇదంతా సెకనులో పదో వంతు లోపే అయిపోతుంది, కండరాలు బిగుసుకునే వ్యవధి కూడా ఉండదు. ఎముక విరగదు, ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. మర్నాడు పొద్దున లేచేసరికి మెడ పట్టేసి ఉంటుంది. పట్టీ వేసుకుని వారాల తరబడి కదలకుండా ఉండటం పాత పద్ధతి. ప్రమాదమేమీ లేదని డాక్టరు తేల్చాక, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మెడను త్వరగా కదిలించమనే ఇప్పుడు చెబుతున్నారు.

పిల్లలు ఫుట్‌బాల్ ఆడే ఇళ్లలో తెలిసి ఉండాల్సింది మరొకటి ఉంది. దెబ్బ తగిలాక ఒక చేతిలో మాత్రమే కరెంటు కొట్టినట్టు జివ్వుమని, కాసేపటికి తగ్గిపోతే దాన్ని స్టింగర్ అంటారు. మెడ పక్కనుంచి చేతికి దిగే నరాలు సాగడం వల్లనో నొక్కుకుపోవడం వల్లనో వస్తుంది. డాక్టరుకు చూపించే దాకా ఆట ఆపాలి. రెండు చేతుల్లోనో కాళ్లలోనో తిమ్మిరి, బలహీనత వచ్చినా, మెడ నడిమి ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా అది వెన్నుపాము వ్యవహారమనే అనుకోవాలి. పిల్లవాణ్ణి లేపి కూర్చోబెట్టకూడదు, నీళ్లు తాగించకూడదు, 911కు ఫోన్ చేయాలి. హెల్మెట్ ఒక్కటే లాగితే భుజాల ప్యాడ్ల ఎత్తుకు తల వెనక్కి వాలిపోతుంది. అందుకే శిక్షణ పొందిన ట్రైనర్లు దాన్ని అలాగే ఉంచి, ఊపిరి దారి కోసం ముఖం ముందున్న జాలీని విప్పుతారు. అందుకు బ్యాటరీతో నడిచే స్క్రూడ్రైవర్ దగ్గర ఉంచుకుంటారు. మీ పిల్లల స్కూల్లో శుక్రవారం రాత్రి ఆటకు అలాంటి ట్రైనర్ వస్తారా, వాళ్ల సంచీలో స్క్రూడ్రైవర్ ఉంటుందా అని సీజన్ మొదలవకముందే కోచ్‌ను అడగొచ్చు.