స్నానానికి వేణ్ణీళ్ళు – ఏ గీజరు హితకరం?

వేదాద్రికి వచ్చే భక్తులు కృష్ణలో స్నానమాచరించి యోగానంద నరసింహస్వామిని దర్శిస్తారు. దేహదార్ఢ్యం గలవారికి నదీస్నానం ఉల్లాసకరమే. వృద్ధులకు, బాలింతలకు, వాతరోగులకు మాత్రం ఇంట గోరువెచ్చని నీరే హితం. ఒకప్పుడు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలలో పెరటి పొయ్యిపై కాగు కాగుతుండేది. నేడు అనేక గృహాలలో ఆ పనిని గీజరు చేస్తున్నది. తొట్టిలో నీరు కాచి నిలువ ఉంచే స్టోరేజి గీజరు మేలా, అప్పటికప్పుడు కాచి ఇచ్చే ఇన్‌స్టంట్ గీజరు మేలా అన్నది గృహస్థుల సందేహం.

శాస్త్రం చెప్పినది

కంఠానికి దిగువ భాగాన వేడినీటి స్నానం బలాన్నిస్తుందనీ, అదే నీరు శిరస్సుపై పోసుకుంటే కేశాలకూ నేత్రాలకూ బలహానియనీ వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో హెచ్చరించాడు. కాబట్టి మనకు కావలసినది సలసల కాగిన నీరు కాదు. దేహానికి సరిపడిన వెచ్చని నీరు, తలకు అంతకంటె చల్లనిది.

లెక్క చూడండి

15 లీటర్ల బకెట్టు నీటిని 25 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు పావు యూనిట్ విద్యుత్తు చాలు. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు ఈ పనిని అయిదారు నిమిషాలలో ముగిస్తుంది. నిలువ నీరు చల్లారిపోయే నష్టం ఇందులో స్వల్పం. అయితే నిమిషానికి మూడు లీటర్లలోపే వస్తుంది. కరెంటు పోతే ధార చల్లబడుతుంది.

15 లీటర్ల స్టోరేజి గీజరులో నీరు 60 డిగ్రీలకు చేరితే, 'వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు' అన్నట్లు, చన్నీటితో కలిపి రెండు బకెట్లకు పైగా స్నానపు నీరు సిద్ధమవుతుంది. 2 కిలోవాట్ల గీజరుకు ఇందుకు ఇరవై నిమిషాలు పడుతుంది. తైలాభ్యంగనం చేసుకొని సున్నిపిండితో నలుగు పెట్టుకునే నాడు ఒకేసారి సమృద్ధిగా నీరు కావాలి. అందుచేత నలుగురైదుగురున్న కుటుంబానికి 15 లేక 25 లీటర్ల స్టోరేజి గీజరు, ఒకరిద్దరున్న ఇంటికి ఇన్‌స్టంట్ గీజరు తగినవి.

సున్నపు నీటి చిక్కు

జగ్గయ్యపేట ప్రాంతం సున్నపురాయి నేల. సిమెంటు కర్మాగారాలు వెలసినది అందువల్లనే. ఇటువంటి నేలలలో బోరునీరు కఠినంగా ఉంటుంది. కాచినకొద్దీ సున్నం పొరగా పేరుకొని, వేడి నీటికి చేరకుండా అడ్డుపడుతుంది. ఇరుకైన ఇన్‌స్టంట్ గీజరులో ఈ బాధ త్వరగా కనిపిస్తుంది. ఏది కొన్నా ఏటా ఒకసారి పనివాని చేత శుభ్రం చేయించాలి.

ప్రాణాపాయం మరువరాదు

ఇన్‌స్టంట్ గీజర్లలో గ్యాసుతో పనిచేసేవీ ఉన్నాయి. తలుపులు మూసిన స్నానాల గదిలో అవి మండితే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు చేరుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం కనిపిస్తే పైత్యమని భ్రమపడి శొంఠి కషాయం ఇస్తూ కాలయాపన చేయరాదు. వెంటనే గ్యాసు కట్టివేసి, రోగిని ఆరుబయట గాలికి చేర్చి ఆస్పత్రికి తరలించాలి. గ్యాసు గీజరును స్నానాల గదిలో బిగించనే కూడదు.

విద్యుత్ గీజరుకు ఎర్తింగు గల 16 ఆంపియర్ల ప్రత్యేక ప్లగ్గు ఉండాలి. స్నానానికి ముందే స్విచ్చి కట్టివేయాలి. తడిచేతితో దానిని తాకరాదు. 60 డిగ్రీల నీరు క్షణాలలో చర్మాన్ని కాలుస్తుంది. కనుక బకెట్టులో ముందు చన్నీరు పట్టి, పిదప వేడినీరు కలిపి, మోచేతితో పరీక్షించిన తరువాతనే పసిపిల్లలకు పోయాలి.

ఇంటిలోని మనుషులను, నీటి స్వభావాన్ని గమనించి గీజరును ఎంచుకోండి. ధర ఆ తరువాతి మాట.