కిట్టివేక్ ఒప్పుకుంటేనే గాలిమర

ఇంగ్లండ్ తూర్పు తీరంలో లోస్టాఫ్ట్, మిన్స్‌మియర్ అనే చోట్ల, ఒడ్డుకు దాదాపు కిలోమీటరు దూరాన సముద్రంలో వింత కట్టడాలు కనిపిస్తాయి. చమురు తోడేవి కావు, ఓడలకు దారి చూపేవీ కావు. గోడల నిండా చిన్న చిన్న అరలు, ఒక్కో కట్టడంలో సుమారు 500 పక్షి జంటలకు చోటు. 2023లో వీటిని నిలబెట్టింది పక్షిప్రేమికుల సంఘం కాదు, ఓర్‌స్టెడ్ అనే డెన్మార్క్ విద్యుత్ కంపెనీ. హార్న్‌సీ-3 అనే సముద్ర గాలిమరల ప్రాజెక్టుకు బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చిన అనుమతిలోని షరతు ఇది.

ఆ గాలిమరల స్థలం యార్క్‌షైర్ తీరం నుంచి సుమారు 160 కిలోమీటర్ల అవతల ఉంది. అంత దూరాన ఎవరికి అడ్డమని అనిపిస్తుంది. కానీ యార్క్‌షైర్‌లోని ఫ్లాంబరో సున్నపు కొండచరియల మీద కిట్టివేక్ అనే సముద్రపక్షులు వేలాదిగా గూళ్లు పెడతాయి. బ్రిటన్ ప్రధాన భూభాగంలో వాటి అతిపెద్ద స్థావరం అదే, చట్టరక్షణ ఉన్న ప్రాంతం కూడా. మేతకోసం అవి సముద్రంలోకి చాలా దూరం ఎగురుతాయి.

ఇంగ్లండ్‌లో సముద్రగర్భాన్ని లీజుకిచ్చేది క్రౌన్ ఎస్టేట్ అనే సంస్థ. లీజు చేతికొచ్చినంత మాత్రాన గాలిమర నిలబెట్టడానికి లేదు. ఇంగ్లండ్ సముద్రంలో 100 మెగావాట్లు దాటిన ప్రాజెక్టుకు 2008 నాటి ప్లానింగ్ చట్టం కింద మంత్రి ఉత్తర్వు కావాలి. చట్టం గడువులు కచ్చితంగా రాసింది: దరఖాస్తు స్వీకరణకు 28 రోజులు, బహిరంగ పరిశీలనకు ఆరు నెలలు, సిఫార్సుకు మూడు, నిర్ణయానికి మూడు. హార్న్‌సీ-3 దరఖాస్తు 2018 మే నెలలో వెళ్లింది. ఉత్తర్వు వచ్చింది 2020 డిసెంబరు 31న. గడువు దాటడానికి కిట్టివేక్ ఒక ముఖ్య కారణం.

అసలు పని దరఖాస్తుకు చాలా ముందే మొదలవుతుంది. సాధారణంగా రెండేళ్లపాటు నెలనెలా విమానం ఆ స్థలం మీదుగా ఎగురుతూ ఫొటోలు తీస్తుంది. నిపుణులు కూర్చుని ఏ జాతి పక్షి, ఎన్ని, ఎంత ఎత్తున ఎగురుతున్నాయో లెక్కకడతారు. ఆ అంకెలు ఒక గణిత నమూనాలోకి వెళతాయి. గాలిమర రెక్కల పొడవు, అవి తిరిగే వేగం, పక్షి ఎగిరే ఎత్తు అన్నీ కలిపి ఏడాదికి ఎన్ని పక్షులు ఢీకొని చస్తాయో అది అంచనా వేస్తుంది. ఇక్కడే ఉంది కిటుకు. రెక్కను చూసి పక్షి ఎంత తరచుగా తప్పుకుంటుందన్నది మనం పెట్టుకునే అంకె. నూటికి 99 సార్లు తప్పుకుంటుందనుకుంటే ఒక లెక్క వస్తుంది. 98 అనుకుంటే మరణాలు సరిగ్గా రెట్టింపు! అందుకే కంపెనీ నిపుణులకూ, ప్రభుత్వానికి సలహా ఇచ్చే నేచురల్ ఇంగ్లండ్ సంస్థకూ వాదన ఆ దశాంశాల చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో చిక్కు. దరఖాస్తు నాటికి ఏ టర్బైన్ కొనాలో కంపెనీకే తెలియదు, నాలుగేళ్లలో మార్కెట్ మారిపోతుంది. అందుకని గరిష్ఠ హద్దులు చెప్పి, వాటిలో అత్యంత చెడ్డ పరిస్థితికి ప్రభావాన్ని లెక్కకట్టి అనుమతి తీసుకుంటారు. హార్న్‌సీ-3కి అనుమతి 231 టర్బైన్ల దాకా ఉంది. టర్బైన్లు పెద్దవయ్యాయి కాబట్టి ఇప్పుడు పెడుతున్నవి 197 మాత్రమే.

ఇక చట్టం అడిగే ప్రశ్న. రక్షిత స్థావరానికి హాని జరగదని, సహేతుకమైన శాస్త్రీయ సందేహం మిగలకుండా తేలాలి. హాని ఉందని ఎవరూ నిరూపించనక్కర్లేదు, లేదని తేలకపోతే చాలు, అనుమతి ఆగుతుంది. అలా తేలకపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. వేరే ప్రత్యామ్నాయం లేదని, ప్రజాప్రయోజనం అంతకంటే పెద్దదని చూపి, నష్టాన్ని పూడ్చే పరిహార చర్యలు చేపట్టాలి. 2020 జులైలో మంత్రి కంపెనీని అడిగింది ఈ పరిహారం సంగతే. జవాబుగా పుట్టినవే ఆ గూళ్ల కట్టడాలు. గాలిమరలు తిరగడానికి ముందు అవి నాలుగు సంతానోత్పత్తి కాలాలు నిలిచి ఉండాలని తొలి ఉత్తర్వు చెప్పింది. కిట్టివేక్ పిల్ల గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి పట్టే కాలం దాదాపు అంతే మరి.

ఆలోచన తెలివైనదే, కానీ నాకు పూర్తిగా నచ్చలేదు. న్యూకాసిల్‌లో టైన్ వంతెన మీదే గూళ్లు పెట్టుకునే పక్షి ఇది. దానికి కొరత ఇంటికంటే తిండికి ఎక్కువ. కిట్టివేక్ తినే శాండ్ ఈల్ అనే చిన్న చేప, సముద్రం వేడెక్కడం వల్ల, వేట వల్ల తగ్గింది. ఇంగ్లండ్ ఉత్తర సముద్ర జలాల్లో ఆ చేప వేటను 2024లో ప్రభుత్వం నిషేధించింది. ఈ ఒక్క నిర్ణయం ఎన్నో కృత్రిమ గూళ్లకంటే మేలు చేయగలదని నా నమ్మకం. అయితే అది ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ ఉన్న పని కాదు.

నీటి అడుగున ఇంకో పోరాటం శబ్దంతో. పునాది స్తంభాన్ని సుత్తితో దించేటప్పుడు పుట్టే చప్పుడు, డాల్ఫిన్లకు దగ్గరి చుట్టమైన హార్బర్ పార్పస్‌ను ఆ ప్రాంతం నుంచి తరిమేస్తుంది. జర్మనీ 750 మీటర్ల దూరంలో 160 డెసిబెల్స్ దాటకూడదని హద్దు పెట్టింది. దానికోసం స్తంభం చుట్టూ సముద్రగర్భాన గొట్టం పరిచి, గాలి పంపి, బుడగల తెర లేపుతారు. ఆ తెర శబ్దాన్ని చాలావరకు మింగేస్తుంది.

ఇక మన సంగతి. మన దేశం 2015లో సముద్ర పవన విద్యుత్ విధానం ప్రకటించింది. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్లకు కలిపి 7,453 కోట్ల రూపాయల సాయం ఆమోదించింది. ఆంధ్ర తీరం ఈ తొలి విడతలో లేదు. తమిళనాడు వైపు ఉన్న మన్నారు సింధుశాఖలో డ్యూగాంగులు (సముద్రపు ఆవులు) బతుకుతాయి, వేలాది మత్స్యకార కుటుంబాలు వేట మీదే ఆధారపడ్డాయి. నెదర్లాండ్స్‌లో స్థల పరిశోధన, పర్యావరణ అధ్యయనం ప్రభుత్వమే ముందు చేసి, ఆ వివరాలు బయటపెట్టాకే కంపెనీలను పోటీకి పిలుస్తుంది. మనమూ గాలి వేగాన్ని కొలిచిన శ్రద్ధతోనే పక్షుల రాకపోకల్నీ, చేపల్నీ, పడవల దారుల్నీ కొలిచి జనం ముందు పెట్టాలి. వేలం ఆ తర్వాతే జరగాలి.