పిడుగురాళ్ల దారిలో పిస్టన్ రింగు

అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి మీద లారీల వాళ్లను ఎక్కువగా భయపెట్టే మాట "బండి ఆయిల్ తాగుతోంది" అన్నది. పల్నాడులో సున్నపురాయి, సిమెంటు, మిరప టిక్కీలు మోసే బండ్లకు కొదవ లేదు. ఆ మాట చెవిన పడగానే ఓనరు కళ్లముందు హాఫ్ ఇంజన్ బిల్లు కదులుతుంది: రింగులు, లైనర్లు, లేబరు. నింద ముందుగా పడేది రింగు మీదే. అది న్యాయమో కాదో తేలాలంటే ఆ రింగు ఎక్కడ పుట్టిందో, ఏం చేస్తుందో తెలియాలి.

పిస్టనుకీ సిలిండరుకీ మధ్య సందు మూయడం ఆవిరి యంత్రాల కాలంలోనే తలనొప్పి. న్యూకమెన్ యంత్రంలో తోలు పట్టీ వేసి పైన నీళ్లు నిలబెట్టేవారు. జేమ్స్ వాట్‌కి ఆ వీలు లేకపోయింది. సిలిండరు చల్లబడకూడదన్నదే ఆయన యంత్రానికి ప్రాణం. అందుకని నార చుట్టి కొవ్వు పట్టించాడు. 1770ల్లో జాన్ విల్కిన్సన్ ఫిరంగులు తొలిచిన అనుభవంతో సిలిండర్లను నున్నగా తొలిచి ఇవ్వబట్టి అదైనా పనిచేసింది.

రైలింజన్ల వేగానికి నార చాలలేదు. దానికి విరుగుడు కనిపెట్టినవాడు ఇంగ్లండు రైల్వే ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్. ఒకచోట తెగిన లోహపు ఉంగరాన్ని సిలిండరు కంటే కాస్త పెద్దగా చేసి, ముడిచి లోపలికి దూర్చాడు. విచ్చుకోవాలని చూస్తూ అది గోడను అంటిపెట్టుకునే ఉంటుంది. 1854లో ఈ సంగతిని బర్మింగ్‌హామ్‌లో మెకానికల్ ఇంజనీర్ల ముందు పెట్టాడు. తర్వాత ఇంకో మెలిక కూడా తేల్చాడు: బయట నిండు గుండ్రంగా ఉన్న ఉంగరం లోపలికెళ్లాక గోడను అన్నివైపులా సమానంగా నొక్కదు. లోపల సరిగ్గా కూర్చోవాలంటే బయట కొంచెం వంకరగా ఉండాలి. నాకు ఆయన ప్రతిభ అసలు కనిపించేది ఇక్కడే. ఆయన 1897లో పోయాడు. రుడాల్ఫ్ డీజిల్ ఇంజను ఆగ్స్‌బర్గ్‌లో పరీక్ష నెగ్గింది కూడా ఆ ఏడాదే.

నేటి లారీ పిస్టనుకు మామూలుగా మూడు రింగులు. పై రింగును గోడకు అదిమిపట్టేది దాని సొంత బిగువు ఒక్కటే కాదు. మండిన గ్యాసు రింగు వెనక్కి చేరి తోస్తుంది. అందుకే లోడు ఎక్కువైన కొద్దీ పట్టు పెరుగుతుంది. అడుగు రింగు పని ఆయిల్‌ను గీకి కిందికి పంపడం. పూర్తిగా గీకేస్తే మాత్రం లోహం లోహాన్ని కొరుకుతుంది, కాబట్టి కొన్ని మైక్రాన్ల పొర మిగలాలి. ఆ పొరలో కొంత మండిపోక తప్పదు. అంటే ఆయిల్ అసలు తాగని ఇంజను లేదు, ఎంత తాగుతోందన్నదే లెక్క. లీటరుకు నాలుగు కిలోమీటర్లు వచ్చే లారీ వెయ్యి కిలోమీటర్లకు 250 లీటర్ల డీజిలు కాలుస్తుంది. ఆ దూరానికి ఒక లీటరు ఆయిల్ తగ్గితే డీజిలులో 0.4 శాతం. తిరిగిన దూరంతో కన్నా కాల్చిన డీజిలుతో పోల్చడమే మేలు, ఎందుకంటే లోడు బండికీ ఖాళీ బండికీ కష్టం ఒకటి కాదు.

ఇంజను విప్పకముందు చూడాల్సినవి కొన్నున్నాయి. కింద కారుతోందేమో చూడాలి. గీతకు మించి పోశారేమో చూడాలి. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంకు చిలికితే అది బ్రీదర్లోంచి పోతుంది. టర్బో సీలు పోయినా సైలెన్సర్లోంచి నీలిపొగే. ఇవన్నీ సరిగ్గా ఉండి, ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసలు కొడుతుంటే అప్పుడు రింగుల వంక చూడొచ్చు.

రింగు ఎందుకు అరిగిందన్న ప్రశ్న అప్పటికీ మిగిలే ఉంటుంది. పిడుగురాళ్ల సున్నపు దుమ్మును అందరూ తిడతారు గానీ సున్నపురాయి మెత్తన. గట్టిదనపు కొలతలో 3. మట్టిరోడ్డు ధూళిలో ఉండే క్వార్ట్జ్ 7. కంటికి ఆనని ఆ రేణువులే ఆయిల్ పొరలో ఇరుక్కుని రింగునూ లైనరునూ అరగదీస్తాయి. తెల్లదుమ్ము చేసే చెరుపు వేరు: ఎయిర్ ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తుంది. దాంతో ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టడం, కంప్రెసర్ గాలితో ఊదడం మొదలవుతాయి. కాగితంలో సన్నని చిల్లు పడితే చాలు, శుభ్రం చేశామనుకున్న రోజే ఇంజనుకు దుమ్ము పట్టడం మొదలవుతుంది. నిజానికి కాస్త దుమ్ము పట్టిన ఫిల్టరే కొత్తదానికంటే బాగా వడగడుతుంది. పాత ట్రాక్టర్లలోని ఆయిల్ బాత్ ఫిల్టర్లకు ఈ చిల్లుల బాధ ఉండేది కాదు.

కదలని బండికి ఇంకో జబ్బు. ప్రచార వాహనాలైనా, విదేశాల్లో సెలవులకు తిప్పే మోటార్‌హోమ్‌లైనా నెలల తరబడి నిలబడే ఉంటాయి. మసి గట్టిపడి రింగు గాడిలోనే అతుక్కుపోతుంది. అరగకుండానే చేతకానిదైపోతుంది. అలాంటప్పుడు కొత్త ఆయిల్ పోసి లోడు మీద దూరం తిప్పితే కొన్నిసార్లు విడుతుంది. ఎక్కడికీ పోకుండా గంటల కొద్దీ ఐడిలింగ్‌లో ఉంచితే మాత్రం మసి ఇంకా పెరుగుతుంది, లైనరు గోడ అద్దంలా నున్నబడి ఆయిల్ నిలిచే గీతలు పోతాయి.

చిక్కటి ఆయిల్ పోసి ఇంకొన్నాళ్లు లాగించే పాత పద్ధతి 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్–6 బండ్లలో సాగదు. ఆయిల్‌లో కలిపే లోహ రసాయనాలు మండాక బూడిదవుతాయి. సైలెన్సరు దారిలోని ఫిల్టరు మసినైతే కాల్చుకోగలదు గానీ ఈ బూడిదను కాల్చలేదు. అది నిండితే విప్పి కడిగించాలి, లేదా కొత్తది వేయించాలి.