పక్షులను చూచుటకు దుర్భిణి

గడచిన భాద్రపదమాసమున రాజోలు ప్రాంతమునుండి మాకొక జాబు వచ్చినది. వ్రాసినవారు ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు. వారి ఇంటి చుట్టును కొబ్బరితోట, దొడ్డి వెనుక పంటకాలువ. తీరికవేళల పక్షులను చూచుకొనుటకు ఒక దుర్భిణి కొని పంపెదనని పట్టణమున నున్న కుమారుడు చెప్పినాడట. పదిరెట్లు పెద్దదిగా చూపునది మేలా, ఇరువదిరెట్లది మేలా, ఇరువదిరెట్లది వెల తక్కువగా నున్నదే, ఇందు మోసమేమైన కలదా అని వారు అడిగినారు. మోసము కలదనియే మా నమ్మకము. ఈ సందేహము వారొక్కరిదే కాదు కనుక, సమాధానమును ప్రసంగరూపమున నిచ్చుట యుక్తమని తోచినది.

బైనాక్యులర్ అని మనము పిలుచుచున్న జంట దుర్భిణిపై 8×42 అనియో, 10×50 అనియో రెండంకెలు చెక్కియుండును. మొదటి అంకె ఎన్నిరెట్లు దగ్గరగా చూపునో తెలుపును. ఎనుబది గజముల దూరమున నిలిచిన నారాయణపక్షి, ఎనిమిదిరెట్ల దుర్భిణిలో పది గజముల దూరమున నిలిచినట్లు కనబడును. రెండవ అంకె ముందువైపునున్న పెద్ద కటకము యొక్క వ్యాసము, మిల్లీమీటర్లలో చెప్పుదురు. కొనువారి చూపంతయు మొదటి అంకెమీదనే యుండును. అమ్మువారికి ఈ సంగతి తెలియును.

మేమును ఆ భ్రమలో పడినవారమే. చాల యేండ్ల క్రిందట ఒక పట్టణపు బజారులో 20×50 దుర్భిణి నొకదానిని చౌకగా కొంటిమి. ముందరి కటకములు కెంపురాళ్ళవలె ఎఱ్ఱగా మెఱయుచుండుట చూచి అది గొప్ప సరకని తలచితిమి. దానిని మెడకు తగిలించుకొని సఖినేటిపల్లి రేవులో నరసాపురము పోవు పంటు ఎక్కితిమి. నది నడుమ ఒక గరుడపక్షి నీటిమీదికి వాలుచుండగా దుర్భిణి ఎత్తితిమి. ఆకాశము ఊగినది, నీరు ఊగినది, ఆవలి గట్టునున్న కొబ్బరిచెట్లు ఊగినవి. గరుడపక్షి మాత్రము కనబడలేదు. ప్రక్కనున్న బాలుడు వట్టికన్నులతోనే అది చేపను తన్నుకొనిపోవుట చూచి మాకు వర్ణించి చెప్పినాడు.

దుర్భిణి పక్షిని ఇరువదిరెట్లు పెద్దది చేసినపుడు మన చేతివణకును కూడ ఇరువదిరెట్లు పెద్దది చేయును. అంతేకాదు, రెట్లు పెరిగినకొలది కనబడు మేర కుంచించుకొనిపోవును. మంచి ఎనిమిదిరెట్ల దుర్భిణి ఏడెనిమిది డిగ్రీల మేర చూపును. డిగ్రీ యొక్కటికి కిలోమీటరు దూరమున సుమారు 17 మీటర్ల వెడల్పు గనుక, అంత దూరమున 120 మొదలు 140 మీటర్ల వెడల్పు ఒక్కమారే కంటబడును. ఇరువదిరెట్ల దానిలో అందు సగము కూడ దొరకదు. కొమ్మనుండి కొమ్మకు దుముకు వంగపండుపిట్టను అంత ఇఱుకు కిటికీలోనుండి వెదకుట గడ్డివామిలో సూదిని వెదకుటయే. ఇక ఆ కెంపురంగు సంగతి: ఎఱ్ఱని కాంతిని వెనుకకు త్రోసివేయు పూత అది. లోపలికి వచ్చు దృశ్యములో ఆ మేరకు ఎఱుపు లోపించి, పక్షి ఆకుపచ్చ నీలపు ఛాయలో కనబడును. రంగునుబట్టి పిట్టను గుర్తింపవలసినవానికి ఇంతకన్న అపకారము లేదు.

వెలుతురును గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. దుర్భిణిని చేచాచి ఆకాశమువైపు పట్టుకొన్నయెడల, కన్ను పెట్టు కటకములో ఒక చిన్న వెలుగుబిళ్ళ కనబడును. రెండవ అంకెను మొదటి అంకెచే భాగించిన ఆ బిళ్ళ వ్యాసము వచ్చును. 8×42కు అయిదు మిల్లీమీటర్లకు కొంచెము పైన. మా 20×50కు రెండున్నర మాత్రమే. నడిమధ్యాహ్నము మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకొనును. చీకటిలో యువకులకు ఏడువరకు విచ్చుకొనును. వయసు మీరినవారికి అయిదు దాటుట అరుదు. ఓడలపై నావికులు వాడు 7×50లో ఏడు మిల్లీమీటర్ల బిళ్ళ వచ్చునుగాని, మా ఉపాధ్యాయులవంటివారి కంటిలో దాని అంచు వెలుగు ప్రవేశింపనే ప్రవేశింపదు. బరువు మాత్రము మెడకు దక్కును. కోనసీమలో పక్షులు చురుకుగా నుండునది తెల్లవారగనే, మరల ప్రొద్దు వాలునపుడు. అప్పుడు కొబ్బరితోటలలో నీడ చిక్కగా నుండును. మ్రానుమీద ప్రాకు వడ్రంగిపిట్ట వీపు బంగారురంగో, మట్టిరంగో తేలవలెనన్న అయిదు మిల్లీమీటర్ల వెలుగైనను కావలెను. అందుచే తోటలకు, కాలువగట్లకు 8×42 తగినదని మా అభిప్రాయము.

నదీముఖములలో సంగతి వేరు. గౌతమీ వశిష్ఠల నడుమ, వైనతేయపాయ ఇరువైపులుగా చీల్చిన ఈ దీవులు సముద్రమును తాకుచోట, అంతర్వేదివద్దను ఓడలరేవువద్దను, ఆటు సమయమున బురదమేటలు తేలును. ఆశ్వయుజము మొదలు ఫాల్గుణమువరకు ఉత్తరాసియానుండి వలస వచ్చిన ఉల్లంకిపిట్టలు అచ్చట మేయును. అవి రెండు మూడు వందల మీటర్ల దూరముననే యుండును. మరల పోటు వచ్చి మేట మునుగులోపల వాటికి కడుపు నిండవలెను. మనము దగ్గరగా చూడవలెనని నడచిపోయిన ప్రతిమారును గుంపంతయు లేచి, తిన్న తిండి ఎగురుటకే ఖర్చు చేయును. కనుక ఇచ్చట దూరముననే నిలుచుటకు పనిముట్టు కావలెను. చేయి నిలుకడగలవారు 10×42 పట్టవచ్చును. అంతకు మించి కోరువారు ముక్కాలిపీటపై నిలిపెడి ఒంటికంటి దూరదర్శినిని వేరుగా కొనుట మేలు.

దుర్భిణి లోపల బొమ్మను నిటారుగా నిలుపుటకు గాజు పట్టకములుండును. వంకర తిరిగిన గొట్టములుగల పాతరూపము ఇటలీ దేశీయుడైన పోరో 1854లో కల్పించిన పట్టకములపై ఆధారపడినది. జర్మనీలోని జైస్ సంస్థ 1894లో అట్టి దుర్భిణులను విపణికి తెచ్చినది. తిన్నని గొట్టములుగల నేటిరూపము చేతికి ఒదుగునుగాని, దాని పట్టకములను మిక్కిలి సూక్ష్మముగా చెక్కవలెను, ప్రత్యేకమైన పూత పూయవలెను. కాబట్టి ఒకే వెలకు వచ్చువానిలో పాతరూపపుదే స్పష్టముగా చూపుట తఱచు. ఈ మాట విని పాతరూపపుదానినే కొనుడని చెప్పి ఊరకుందుమా అన్న, కోనసీమ గాలి ఒప్పుకొనదు.

మా రెండవ దుర్భిణి పాతరూపపు 8×30. చక్కనిది. ఒక వానకాలమంతయు తోలుసంచిలో నుంచి బీరువాలో భద్రపఱచితిమి. దీపావళికి తీసి చూడగా కటకముల లోపల సాలెగూడువంటి దారములు! బూజు పట్టినది. బాగుచేయువాడు విప్పి తుడిచినాడుగాని, అప్పటికే అది పైపూతను తినివేసి గాజును గూడ గీచినది. ఆ మచ్చలు నేటికిని పోలేదు. తోలుసంచి చెమ్మను పీల్చి పట్టియుంచునని అప్పుడు మాకు తోచలేదు. నీరు చొరకుండ మూసి, లోపల నత్రజని వాయువు నింపిన దుర్భిణులు ఇప్పుడు దొరకుచున్నవి. కాలువగట్టున నివసించువారు కొంత వెల ఎక్కువైనను వానినే చూడవలెను. స్తోమత చాలనివారు పాతరూపపుదానినే కొని, మూత గట్టిగా పట్టు డబ్బాలో సిలికాజెల్ పొట్లములతో ఉంచవలెను. పొట్లములలోని గుళ్ళు రంగు మారినపుడు వేడిచేసి మరల వాడుకొనవచ్చును. సముద్రతీరమునుండి వచ్చిన పిమ్మట పంచె చెఱగుతో కటకమును తుడుచు అలవాటు మానవలెను. ఇసుకరేణువు గాజును గీచును. ముందుగా ఊది, మెత్తని కుంచెతో దులిపి, ఆ తరువాత గుడ్డ వాడవలెను.

ఉపాధ్యాయులు కండ్లజోడు ధరింతురు. అట్టివారు కంటికటకమునుండి 15, 16 మిల్లీమీటర్ల దూరమున కన్నుంచినను దృశ్యమంతయు కనబడునట్టిదానిని అడిగి తీసికొనవలెను. రబ్బరు గిన్నెలను క్రిందికి త్రిప్పి జోడుతోనే చూడవలెను. లేనియెడల తాళపుచెవి రంధ్రములోనుండి లోకమును చూచినట్లుండును.

అంగడిలో తొందరపడరాదు. గుమ్మములోనికి వచ్చి దూరపు బోర్డు నొకదానిని అయిదు నిమిషములు చదువవలెను. అక్షరములు రెండుగా చీలినను, కణతలు లాగినను ఆ రెండు గొట్టములు ఒకే దిక్కు చూచుట లేదన్నమాట; దానిని వెంటనే తిరిగి ఇచ్చివేయవలెను. పిమ్మట దీపపు ప్రతిబింబమును ముందరి కటకములో చూడవలెను. పచ్చగనో ఊదాగనో మసకగా మెఱసిన పూత యున్నది. తెల్లగా మెఱసిన లేదు. పూతలేని గాజుతలము ఒక్కొక్కటి నూటికి నాలుగుపాళ్ళ వెలుగును వృథా చేయును. పది తలములు దాటునప్పటికి మూడవవంతు పోవును. వెలుగుబిళ్ళ గుండ్రముగా నుండవలెను. అంచులు కోసినట్లు చదరముగా నున్న, పట్టకపు గాజు తక్కువ రకము.

దుర్భిణి కొన్నవెంటనే దానిని తన కన్నులకు సరిచేసికొనవలెను. ఎడమకంటితో చూచుచు నడిమి చక్రమును, తరువాత కుడికంటితో చూచుచు కుడివైపు ఉంగరమును త్రిప్పవలెను. ఆపైన నడిమి చక్రమొక్కటియే చాలును. పక్షి కనబడినపుడు దానిమీదనుండి చూపు మరలింపక దుర్భిణినే కన్నులకడకు తేవలెను. సూర్యునివైపు మాత్రము ఎన్నడును త్రిప్పరాదు, చూపు పోవును. పిల్లల చేతికిచ్చునపుడు ఈ మాట ముందుగా చెప్పవలెను.

ఇదియంతయు సంగ్రహముగా జాబులో వ్రాసి పంపితిమి. కార్తికమాసాంతమున వారినుండి ప్రత్యుత్తరము వచ్చినది. నీరు చొరని 8×42 కొన్నారట. మనుమరాలిని వెంటబెట్టుకొని అంతర్వేది ఇసుకలకు పోయి, పిచ్చుకంత పిట్ట యొకటి నీటి అంచున పరుగులిడుట చూచినారట. వీపుమీది ఈకల అంచులను, సూదివంటి నల్లని ముక్కును చక్కగా వర్ణించి, దాని పేరేమని అడిగినారు. కాళ్ళ రంగు వ్రాయలేదు. అట్టి చిన్న ఉల్లంకులలో రెండు జాతులు ఇచ్చటికి వచ్చును. ఒకదానికి కాళ్ళు నలుపు, రెండవదానికి పసుపుపచ్చ. మరియొకమారు పోయి, అది నీటిలోనుండి ఇసుకమీదికి వచ్చువరకు కాచుకొని, కాళ్ళు చూచి వ్రాయుడని కోరినాము.