ధాన్యపు లెక్కయు, యంత్రపు అన్వయమును

పెంటపాటి రైతొకడు కాటా కూలి 30 రూపాయలును, 4 బస్తాలకు బస్తా ఒక్కింటికి 50 రూపాయల చొప్పున బండి బాడుగయును చెల్లింపవలెననుకొందము. ఈ లెక్క 30 + 4 × 50. ఎడమనుండి గుడ్డిగా కట్టుకొనిపోయిన 1700 వచ్చును. సరియైన మొత్తము 230. వ్రాసినదానిలో ఏది దేనితో అన్వయించునో నిర్ణయించి కంప్యూటరుకు అందించు భాగమును పార్సర్ అందురు. దానిని వ్రాయు పద్ధతులు పెక్కు గలవు.

డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1961లో వివరించిన పద్ధతికి రైల్వే షంటింగు యార్డు పేరే నిలిచినది. తాడేపల్లిగూడెము స్టేషనులో గూడ్సు పెట్టెలను పక్కపట్టాపైకి మళ్లించుట ఊహించుకొనుడు. సంఖ్యలు తిన్నగా ముందుకు పోవును; గుర్తులు పక్కపట్టాపై ఆగును. 30 పోయినది, + ఆగినది, 4 పోయినది. తరువాత వచ్చిన × గుర్తు + కంటె బలమైనది గనుక, + ను కదలింపక దాని వెనుకనే నిలుచును. 50 కూడ పోయిన పిదప, కడపట చేరినది మొదట వెలుపలికి వచ్చును: 30 4 50 × +. ఒకవేళ బలహీనమైన గుర్తే వెనుక వచ్చినచో, ముందున్న బలమైనది దానికి దారి యిచ్చి బయటపడును. ‘ముప్పదికి, నాలుగును ఏబదియు హెచ్చింపగా వచ్చినది కూడుము’ అని తెలుగున చెప్పినను వరుస ఇదియే. మనకు క్రియ చివరనే గదా!

రెండవది పైనుండి దిగు పద్ధతి. శ్లోకమునకు ఖండాన్వయము చెప్పు పంతులుగారు మొదట క్రియను పట్టుకొని, ‘ఎవరు? దేనిని? ఎట్టివాడు?’ అని ప్రశ్నించుచు పోవుదురు. ఇచటను అట్లే: మొత్తమనగా ఏమి? కొన్ని లబ్ధముల కూడిక. లబ్ధమనగా? కొన్ని సంఖ్యల హెచ్చింపు. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క చిన్న ప్రోగ్రాము చాలును. చేతితో వ్రాయుట సులభము. కాని ‘మొత్తమనగా, మొత్తమునకు ఒక లబ్ధము కూడినది’ అని సూత్రము వ్రాసినచో, జవాబు కొరకు అదే ప్రశ్న మరల మరల వేసికొనుచు యంత్రము ఒక్క అక్షరమైనను ముందుకు చదువదు.

క్రిందినుండి కట్టుకొనివచ్చు పద్ధతికి ఈ చిక్కు లేదు. 1965లో డొనాల్డ్ నూత్ దీనికి గట్టి శాస్త్రము ఏర్పరచెను. అయితే ఇందులకు కావలసిన పట్టికలు మిక్కిలి పెద్దవి. చేతితో తయారుచేయుట దుస్సాధ్యము. 1970 దశకములో బెల్ లాబొరేటరీలో స్టీఫెన్ జాన్సన్ నిర్మించిన యాక్ అను సాధనము వ్యాకరణసూత్రములనుండి ఆ పట్టికలను తానే కట్టియిచ్చెను.

మరి పట్టికలే గెలిచినవా? లేదు. వ్రాయువాడు కుండలీకరణము మూయుట మరచినపుడు, పైనుండి దిగు ప్రోగ్రామునకు తానెచట నున్నదో, ఏ గుర్తుకొరకు వేచియున్నదో తెలియును. తప్పును విడమరచి చెప్పగలదు. పట్టికతో అంత స్పష్టముగ చెప్పించుట ప్రయాస. జి.సి.సి. కంపైలరు వారు 2004లో సి++ భాషకును, 2006లో సి భాషకును పట్టికలను విడిచి చేతివ్రాత పార్సరులకే వచ్చిరి. ఇందులో నష్టమును లేకపోలేదు: సూత్రములలో రెండర్థములకు తావున్నచో పట్టిక కట్టు సాధనము వెంటనే హెచ్చరించును, చేతితో వ్రాసినది ఏదో ఒక అర్థమును గైకొని మారుమాటాడక సాగిపోవును.